45 దాటాక వీణ మళ్ళీ పట్టుకోవచ్చా? వయసుతో పాటు నచ్చే సంగీతం ఎందుకు మారిపోతుంది?

మీకు 46 ఏళ్ళు, చిన్నప్పుడు వర్ణాల దాకా (కృతులకి ముందు నేర్పే పాఠాలు) వీణ నేర్చుకుని పెళ్ళి, ఉద్యోగం అంటూ వదిలేశారు, ఇప్పుడు మళ్ళీ తీస్తే చెయ్యి తిరగట్లేదు, పైగా ఒకప్పుడు పిచ్చిగా విన్న పాటలు ఇప్పుడు ఐదు నిమిషాలు కూడా వినలేకపోతున్నారు, ఇదంతా వయసు వల్లేనా అని అడిగారు. నాకు 59. పుట్టి పెరిగింది కాకినాడ, పెళ్ళయ్యి మద్రాసు వచ్చినప్పటి నించీ వెస్ట్ మాంబళంలోనే ఉంటున్నాం. మీలాగే నా వీణ కూడా చాలా ఏళ్ళు గోడవారన గుడ్డ కప్పుకుని పడుంది, పిల్లలు ఎదిగాక మళ్ళీ తీశా. కాబట్టి నాకు జరిగిందే చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మారుతుందండీ, తప్పకుండా మారుతుంది. కానీ ఇష్టం ఒక పక్క, చెయ్యి ఒక పక్క విడివిడిగా మారవు. నా విషయంలో ముందు చెయ్యి మారింది, ఇష్టం దాని వెనకాలే నడిచొచ్చింది. మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి.

చిన్నప్పుడు నాకు వేగం అంటే ప్రాణం. మా ఊళ్ళో వీణ నేర్చుకునే పిల్లలందరికీ చిట్టిబాబు గారే దేవుడు, 1936లో కాకినాడలోనే పుట్టి మద్రాసులో స్థిరపడిన మనిషి, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యుడు, ఆయన వీణ మీద కోకిల కూత పలికిస్తుంటే రేడియో చుట్టూ కూచుని నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. పంతులుగారు మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించమంటే మొదటి కాలం ఎప్పుడైపోతుందా, మూడో కాలం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. రాగాల్లోనూ అంతే, కదనకుతూహలం, హంసధ్వని, మోహనం, ఇలా గబగబా మెరిసేవే కావాలి. సహాన, బేగడ, ఆహిరి అంటే పెద్దవాళ్ళు వినేవి అని పక్కన పెట్టేశా. ఎవరైనా నిదానంగా సాగే క్షేత్రయ్య పదం అందుకుంటే లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

ఇక్కడికొచ్చాక మా మావగారు ఎం.డి. రామనాథన్ గారి కేసెట్లు పెట్టేవారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, 1923లో పుట్టి 1984లో పోయారు, టైగర్ వరదాచారి గారి శిష్యుడు, మద్రాసులో కళాక్షేత్ర అనే నాట్య, సంగీత పాఠశాలలో పాఠం చెప్పేవారు. బాగా కింది శ్రుతిలో, చాలా నిదానంగా, ఆగి ఆగి పాడతారు. అప్పుడు నాకది అస్సలు ఎక్కలేదు, మావగారి ముందు ఏమీ అనలేక వింటూ కూచునేదాన్ని అంతే. ఇప్పుడు రాత్రి గిన్నెలు సర్దేసి, గ్యాస్ కట్టేసి వచ్చి నేను పెట్టుకునేది ఆయన్నే. ఆయన ఆగిన చోట ఏముందో అప్పట్లో నాకు వినపడలేదు, అప్పటికి నా చెయ్యి ఎక్కడా ఆగి ఎరగదు మరి.

వీణ మళ్ళీ తీసిన కొత్తల్లో ఏం జరిగిందంటే, ఏ మెట్టు (తీగ కింద వరసగా ఉండే కడ్డీ) ఎక్కడుందో వేళ్ళకి గుర్తుంది, చూడకుండానే వెళ్ళి కూచుంటున్నాయి, కానీ చిన్నప్పుడు వేళ్ళకి కాచిన కాయలు పోయాయి కదా, తీగ కోసుకుపోయేది. మొదటి కాలం బానే ఉంది, రెండో కాలానికి చెయ్యి తడబడేది. అసలు కష్టం తీగ లాగేటప్పుడు, వీణలో ఒకే మెట్టు మీద వేలుంచి తీగని పక్కకి లాగి మూడు నాలుగు స్వరాలు పలికిస్తాం కదా, అలా గట్టిగా లాగితే చూపుడు వేలి మొదట్లో కీలు పట్టేసేది. సరే అని వేగం వదిలేసి నిదానంగా వాయించడం మొదలుపెట్టా, వేరే దారి లేక.

అక్కడే నాకు తలుపు తెరుచుకుంది. వయొలిన్‌లో కమాను లాగుతున్నంత సేపూ నాదం ఉంటుంది, వీణలో అలా కాదు, మీటిన క్షణం నించే నాదం సన్నబడిపోతూ ఉంటుంది. వేగంగా వాయించేటప్పుడు ఇది తెలియదు, ఒకటి సన్నబడేలోపు ఇంకోటి మీటేస్తాం. నిదానంగా వాయిస్తే మాత్రం ఆ సన్నబడే నాదాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నడిపించాలి, ఊపాలి, పక్క స్వరానికి తీసుకెళ్ళి తేవాలి, అది కూడా నాదం పూర్తిగా ఆరిపోయేలోపు. బేగడ మధ్యమం (మ స్వరం) తీసుకోండి, నిషాదం (ని) కూడా, మెట్టు మీద వేలు పెట్టి ఊరికే మీటితే బేగడ రాదు, ఎంత లాగాలి, ఎక్కడ వదలాలి, అంతా అందులోనే ఉంది. ఒక మధ్యాహ్నమంతా ఆ ఒక్క మధ్యమం మీదే కూచున్నా, మావారు భోజనానికి పిలుస్తున్నా లేవలేదు. ఆ తర్వాత ఎవరు బేగడ పాడినా నా చెవి తిన్నగా ఆ స్వరం దగ్గరికే వెళ్తుంది. అంటే సహాన, బేగడ నాకు వయసొచ్చినందుకు నచ్చడం మొదలవలేదండీ, నా చెయ్యి వాటి దగ్గర ఆగినందుకు నచ్చాయి.

ఇంకో సంగతి సాహిత్యం. త్యాగరాజస్వామి కృతులు మన తెలుగే కదా, చిన్నప్పుడు స్వరం బట్టీ పట్టి వాయించేశా, మాటల మీద దృష్టి లేదు. నిజానికి వీణలో సాహిత్యంలో అక్షరం పడే చోటే మీటు పడాలి, దీర్ఘం ఉన్నచోట మీటకుండా నాదాన్ని సాగదీయాలి. మాట తెలియకపోతే మాట మధ్యలో మీటి దాన్ని రెండు ముక్కలు చేసేస్తాం. ఇక్కడ తమిళ విద్వాంసులు ఎంతోమంది మన భాష రాకపోయినా ఒక్కో మాటా కష్టపడి నేర్చుకుని పాడతారు, వాళ్ళని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మనకి పుట్టుకతో వచ్చిన భాష, దాన్ని వాడుకోకపోతే ఎలా? ఇప్పుడు నేను ఏ కృతి మొదలుపెట్టినా ముందు రెండు మూడు రోజులు నోటితో పాడుకుని, అప్పుడే వీణ మీదకి తెస్తా. మీరూ అలాగే చెయ్యండి, తేడా మీకే తెలుస్తుంది.

చెవుల గురించి కూడా చెప్పాలి. కుర్ర వయసులో మనిషి చెవికి 20 నించి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుందంటారు, వయసుతో ముందు తగ్గేది పై స్థాయి శబ్దాలే. వీణలో మనం వాయించే స్వరాలన్నీ ఇంచుమించు వెయ్యి హెర్ట్జ్ లోపే ఉంటాయి కాబట్టి స్వరం ఎక్కడికీ పోదు, దాని చుట్టూ ఉండే ఝంకారం మాత్రం కాస్త పల్చబడినట్టు ఉంటుంది. మరీ పెద్ద సౌండూ, కీచుమనే సౌండూ ఈ వయసులో చాలామందికి ఇబ్బందే, మీకు పాత పాటలు కొన్ని భరించలేనట్టు ఉంటే ఇదీ ఒక కారణం కావచ్చు, ఒకసారి వాల్యూం తగ్గించి, ఇయర్‌ఫోన్ తీసేసి విని చూడండి. మాటలు సరిగ్గా అర్థం కాకపోవడం లాంటివి ఉంటే మాత్రం సంగీతం సంగతి పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి.

అయితే పాత ఇష్టాలన్నీ పోతాయని కంగారు పడకండి. పదేళ్ళ వయసు నించి పాతిక ముప్పై లోపు విన్న పాటలు మనిషికి జీవితమంతా ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం వాళ్ళు కూడా చెప్తారు. నా కాలేజీ రోజులంటే 80ల్లో ఇళయరాజా గారి పాటలు, ఇప్పటికీ ఎక్కడైనా వినపడితే కాళ్ళు ఆగిపోతాయి. కాకపోతే అప్పుడు పల్లవి ఒక్కటే వినేదాన్ని, ఇప్పుడు ఆ పల్లవి కింద బేస్ గిటార్ ఎలా నడుస్తోందో వింటున్నా, అదే పాట, కానీ ఇంకో పాట విన్నట్టుంది. మా అబ్బాయి వినే ర్యాప్ కూడా కార్లో వెళ్ళేటప్పుడు వాడితో పాటు వింటా, తాళం మీద మాట ఎలా కూర్చారో గమనిస్తుంటే కొన్ని చాలా బావుంటాయి. మీరు వదిలేసిన పాటల్ని కూడా కొన్నాళ్ళు అలా ఉంచండి, డిలీట్ మాత్రం చెయ్యకండి.

ఇక చేతుల సంగతి. ముందు వీణకి మేళం కట్టించండి, అంటే మైనంలో మెట్లు మళ్ళీ సరిగ్గా అమర్పించండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఏళ్ళ తరబడి ఊరికే ఉన్న వీణలో మైనం ఎండి బీటలు తీస్తుంది, 24 మెట్లలో కొన్ని జరిగిపోయి ఉండొచ్చు, అపస్వరం వస్తుంటే తప్పు మీ వేళ్ళది అనుకుని బాధపడతారు. ఇక్కడ మద్రాసులో అయితే మే నెల ఎండకి మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి, కిటికీ పక్కన అస్సలు పెట్టకండి, ఎండలో ఆపిన కార్లో అసలే వద్దు. తర్వాత శ్రుతి దించండి. నేను మూడు శ్రుతిలో (హార్మోనియంలో E) వాయించేదాన్ని, ఇప్పుడు అర మెట్టు కిందకి రెండున్నరకి (D#) దించుకున్నా, తీగ కాస్త వదులై లాగడం ఎంత తేలికైందో చెప్పలేను. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, పాడేవాళ్ళు వయసుతో పాటు శ్రుతి దించుకోవడం ఎప్పట్నించో ఉన్నదే. మోకాళ్ళు సహకరించకపోతే కింద బాసింపట్టు వేసుకునే కూచోవాలని పట్టుబట్టకండి, దివాన్ మీద కూచుని వాయించుకోవచ్చు, వీణ బుర్ర కింద గట్టి దిండు పెడితే సరిపోతుంది.

రోజూ కొంచెం కొంచెంగా వాయించండి, ఆదివారం ఒక్కపూటలో వారానికి సరిపడా సాధన చేసేద్దామనుకుంటే వేళ్ళు వాచిపోతాయి. వేలి చివర మంట పుట్టడం మామూలే, కాయ కాసేదాకా ఉంటుంది. కీళ్ళలో నొప్పి, మణికట్టులో నొప్పి, తిమ్మిరి, ఇవి మామూలు కాదు, వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించండి. మొదట సరళీ, జంట స్వరాలు ఒకే కాలంలో, ఆ తర్వాత గీతాలు. మీకు వచ్చిన వర్ణాల జోలికి వెంటనే పోకండి, ఎంత ఆశగా ఉన్నా సరే. మా పైఅంతస్తు మామి బ్యాంకులో రిటైరయ్యాక మొదటిసారి వీణ పట్టుకున్నారు, గీతాలు దాటడానికే చాలా కాలం పట్టింది, కానీ ఆవిడ పిళ్ళారి గీతాలు (వినాయకుడి మీద మొదట నేర్పే చిన్న పాటలు) వాయిస్తుంటే శ్రుతి అంత శుద్ధంగా ఉంటుంది, మేడ మెట్ల మీద ఆగిపోయి విని మరీ పైకి వెళ్తారు మా అపార్ట్‌మెంట్ వాళ్ళు. మీకు చిన్నప్పటి పునాది ఉంది, మీకు ఇంకా త్వరగా పట్టుబడుతుంది.

వినడానికి ఇక్కడికి రాగలిగితే డిసెంబర్‌లో రండి, అప్పుడే ఇక్కడ కచేరీల సీజన్. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ సాయంత్రం కచేరీలకి టికెట్లు దొరకడం కష్టం, కానీ చాలా సభల్లో (కచేరీలు పెట్టే సంఘాల్లో) మధ్యాహ్నం కుర్రవాళ్ళ కచేరీలు ఉచితమే, మా ఇంటికి దగ్గర్లో టీ నగర్ కృష్ణ గాన సభ ఉంది, నేను ఎక్కువ అక్కడే కనపడతా. వీణ కచేరీలకి జనం తక్కువగా వస్తున్నారు, అది నాకు నిజంగా బాధ, కాబట్టి వీణ ఎక్కడుంటే ముందు అక్కడికే వెళ్ళండి. ముందు వరసల్లో కూచుని వాయించేవాళ్ళ ఎడమ చెయ్యి చూడండి.

మీ వీణ బొబ్బిలిదా, తంజావూరుదా, మేళం చివరిసారి ఎప్పుడు కట్టించారు, ఏ శ్రుతిలో పెట్టుకున్నారు, ఈ మూడూ కింద రాయండి. తీగలు ఏ మందంవి వెయ్యాలో దాన్ని బట్టి చెప్తా.