రాజ్యాంగ ప్రభుత్వమా, రాజ్యాంగబద్ధ ప్రభుత్వమా?

సందేహం: రాజులు పోయి ఇన్నేళ్లయినా ఇంకా "రాజ్యాంగం" ఏంటండీ, హిందీవాళ్లలా సంవిధానం అంటే పోలా? అలాగే "రాజ్యాంగ ప్రభుత్వం", "రాజ్యాంగబద్ధ ప్రభుత్వం" ఈ రెండిట్లో ఏది కరెక్టు?

సమాధానం: సంవిధానం అనండి, తప్పేం లేదు, కన్నడంవాళ్లూ అదే అంటారు, కాకపోతే మనకి ఆ మాట వినగానే కథాసంవిధానం గుర్తొస్తుంది. రాజ్యాంగం బాగా పాతుకుపోయింది, ఇప్పుడు పీకాల్సిన పని లేదు.

మీ అనుమానం మాత్రం ఊరికే వచ్చింది కాదు. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో రాజ్యాంగాలు అంటే రాజ్యానికుండే ఏడు అంగాలు, స్వామి (రాజు), అమాత్యుడు (మంత్రి), సుహృత్తు (మిత్రుడు), కోశం (ఖజానా), రాష్ట్రం (దేశం), దుర్గం (కోట), బలం (సైన్యం). కౌటిల్యుడి లిస్టూ దాదాపు ఇదే. రాజ్యం నడవాలంటే ఏమేం ఉండాలో చెప్పే లెక్క అది, రాజుని ఎక్కడ ఆపాలో చెప్పేది కాదు. ధర్మం రాజుకంటే పెద్దదని మనవాళ్లూ అన్నారు, కాదనను, కానీ రాజే తప్పితే ఎవరి దగ్గరికెళ్లి అడగాలి అన్నదానికి ఆ ఏడింట్లో చోటెక్కడుంది?

ఆ ఆపే సంగతి వేరే దారిలో వచ్చింది. 1215లో ఇంగ్లండులో బ్యారన్లు అనే పెద్ద భూస్వాములు తిరగబడి జాన్ రాజు చేత మాగ్నా కార్టా అనే ఒప్పందపత్రం ఒప్పించారు, చట్టప్రకారం తప్ప స్వతంత్రుడైన మనిషిని పట్టుకుని జైల్లో వెయ్యకూడదని అందులో ఉంది (ఆ స్వతంత్రుల్లో భూస్వాముల కింద కట్టుబడి బతికే రైతులు లేరు లెండి). తర్వాత జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త వచ్చి జనం ఒప్పుకుంటేనే సర్కారు అన్నాడు, 1748లో మాంటెస్క్యూ అనే ఫ్రెంచి రచయిత చట్టం చేసేదీ అమలు చేసేదీ తీర్పు చెప్పేదీ ఒక్కడే అయితే ఇక స్వేచ్ఛ లేనట్టే అన్నాడు, అమెరికావాళ్లు 1787లో ఆ విభజనని తమ రాజ్యాంగంలో కాగితం మీద పెట్టేశారు. నాకైతే వీటన్నిటికంటే 1789 ఫ్రెంచి హక్కుల ప్రకటనలో 16వ అధికరణం ఇష్టం, హక్కులకి గ్యారంటీ, అధికారాల విభజన లేని సమాజానికి అసలు రాజ్యాంగమే లేదంటుంది. అంటే ఫ్రాన్సు రాజుకి మంత్రులు, కోటలు, సైన్యం అన్నీ ఉన్నాయి (కోశం మాత్రం ఖాళీ), అమరకోశం ప్రకారం రాజ్యాంగాలున్నట్టే, ఈ లెక్కన లేనట్టే! మన రాజ్యాంగంలో 50వ అధికరణం న్యాయశాఖని కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చెయ్యమనడం కూడా ఈ వరసలోదే.

అందుకని "బద్ధ" వదలొద్దంటాను. రాజ్యాంగ ప్రభుత్వం అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ సర్కారు కూడా ఒకదానికి కట్టుబడి ఉందన్న అర్థం అందులో పలకదు. రాజ్యాంగ సవరణ, రాజ్యాంగ ధర్మాసనం లాంటి చోట్ల ఆ ముక్క అక్కర్లేదు. ఇంకో చిక్కుంది, ఎన్నికల సంఘాన్ని రాజ్యాంగబద్ధ సంస్థ అన్నప్పుడు 324వ అధికరణం వల్ల ఏర్పడిందని మాత్రమే అర్థం, అది చేసే ప్రతి పనీ రాజ్యాంగానికి లోబడే ఉందని కాదు, పేపర్లలో టీవీల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు.