డీఆర్‌డీఓలో సీనియర్ సైంటిస్టు కావాలంటే?

ప్రశ్న: మా అమ్మాయి ప్రైవేటు కాలేజీలో బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో పెద్ద సైంటిస్టు కావాలని పట్టుదలగా ఉంది. ఐఐటీ కాకపోయినా అవకాశం ఉంటుందా? పీహెచ్‌డీ తప్పనిసరా? - ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఉంటుందమ్మా. నెల్లూరు జిల్లాలో పుట్టి, అనంతపురం జేఎన్‌టీయూలో ఈసీఈ చదివిన జి.సతీశ్ రెడ్డి 1986లో హైదరాబాద్‌ క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో చేరి, 2018లో డీఆర్‌డీఓ ఛైర్మన్ అయ్యారు. చేరడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. చేరాక సంస్థ అనుమతితో ఎంటెక్, పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

బీటెక్ పూర్తిచేసి కొత్తగా చేరేవాళ్లు మొదలయ్యేది 'సైంటిస్ట్ బి' హోదా నుంచి. ఢిల్లీలోని నియామక కేంద్రం ఆర్ఏసీ నోటిఫికేషన్ ఇస్తుంది. బీటెక్‌లో ఫస్ట్ క్లాస్, జాతీయ స్థాయి ఇంజినీరింగ్ పరీక్ష గేట్‌లో స్కోరు ఉండాలి. స్కోరును బట్టి ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇటీవలి నోటిఫికేషన్లలో తుది ఎంపికకు గేట్‌కు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం వెయిటేజీ ఇచ్చారు. అలాగని ఇంటర్వ్యూను తేలిగ్గా తీసుకోవద్దు. అందులో అన్‌రిజర్వుడు ఖాళీలకు 70, రిజర్వుడు ఖాళీలకు 60 శాతం మార్కులు రాకపోతే గేట్‌లో ఎంత మంచి స్కోరున్నా ఎంపిక కారు.

చాలామంది తడబడేది అక్కడే. ప్రాజెక్టులో యాంటెన్నా చేశానంటే గెయిన్ (ఒక దిశలో సిగ్నల్‌ను ఎంత కేంద్రీకరిస్తుందో చెప్పే కొలత) ఎలా కొలిచావు, ఎంత దూరంలో పెట్టి కొలిచావు, ఆ దూరమే ఎందుకు అని ఒక్కో మెట్టూ దిగుతూ అడుగుతారు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు మూడో ప్రశ్నకే బయటపడుతుంది. అందుకే మీ అమ్మాయి చిన్నదైనా సొంతంగా చేసి, కొలిచి, లెక్కకూ కొలతకూ తేడా ఎందుకొచ్చిందో రాసిపెట్టుకోవాలి. సిగ్నల్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్, కమ్యూనికేషన్స్ పునాదులు ఈ ఏడాదే గట్టి చేసుకోవడం మంచిది. గేట్‌లో ఈసీ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) పేపరే రాయాలి. సులువనిపించిందని వేరే పేపరు రాస్తే ఈసీఈ ఖాళీలకు ఆ స్కోరు పనికిరాదు. సీజీపీఏను శాతంలోకి మార్చే యూనివర్సిటీ సూత్రం తాలూకు కాగితం కూడా ముందే తెచ్చిపెట్టుకోండి.

ఇక 'పెద్ద సైంటిస్టు' సంగతి. సైంటిస్టు హోదాలు బి, సి, డి, ఈ, ఎఫ్, జీ అని మెట్లుగా పైకి వెళ్తాయి. సైంటిస్ట్ బి మూల వేతనం 56,100 రూపాయలు, జీ స్థాయిలో అది 1,44,200 నుంచి మొదలవుతుంది. బి నుంచి సికి కనీసం 3 ఏళ్లు, అక్కడి నుంచి డికి 4, ఈకి 4, ఎఫ్‌కు 5, జీకి 5. అంటే 23వ ఏట చేరితే, ఎక్కడా ఆగకపోతే, 44కి జీ. ఇది సీనియారిటీ వరుసలో వచ్చే ప్రమోషన్ కాదు. ఖాళీ కోసం ఎదురుచూడనక్కర్లేదు కానీ ప్రతిసారీ వార్షిక నివేదికల మార్కులు, నిపుణుల బోర్డు ముందు ఇంటర్వ్యూ దాటాలి. నా దృష్టిలో ఈ వృత్తికి అసలు పరీక్ష అదే, గేట్ కాదు. ఆ బోర్డు ముందు చెప్పుకోవడానికి తన చేతి మీదుగా నడిచిన సాంకేతిక పని ఉండాలి. కొనుగోలు ఫైళ్లు, సమీక్ష సమావేశాలు ఎలాగూ మీద పడతాయి. వాటిలోనే మునిగిపోతే వెనకబడతారు. నావిగేషనో, రాడారో, ఒక రంగాన్ని పట్టుకుని లోతుకు వెళ్లడమే దారి.

జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), కాంట్రాక్టు ప్రాజెక్టు పోస్టులను శాశ్వత ఉద్యోగాలనుకుని చేరి నిరాశపడేవాళ్లున్నారు. అనుభవానికి అవి మంచివే, కానీ వాటి నుంచి నేరుగా సైంటిస్ట్ బి కాలేరు. మళ్లీ ఇదే పోటీలోకి రావాలి.

చేసిన పని గురించి బయట మాట్లాడలేకపోవడం, పేపరు ప్రచురించాలన్నా విదేశం వెళ్లాలన్నా అనుమతి తీసుకోవడం, దేశంలో ఎక్కడికైనా బదిలీ - ఇవన్నీ ఉంటాయని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మూడో ఏడాదిలో కాలేజీ లేఖతో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఆర్‌సీఐకో డీఎల్ఆర్ఎల్‌కో ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు చేయించండి. రాడార్ హెచ్చరిక, జామింగ్ వంటి ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థల పని డీఎల్ఆర్ఎల్‌ది. ఈసీఈ విద్యార్థికి అంతకన్నా దగ్గరి చోటు లేదు.