నెట్‌వర్క్ గదికి ఏ చోటు మంచిది?

ప్రశ్న: మేము నాలుగు అంతస్తుల కాలేజీ భవనం కట్టిస్తున్నాం. కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లన్నీ కింది అంతస్తులో ఒకే గదిలో పెడితే సరిపోతుందా? మెట్ల పక్కన, టాయిలెట్లను ఆనుకొని కొంత జాగా ఉంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ప్రతి అంతస్తులోనూ ఒక చిన్న గది వదలండి. రాగి కేబుల్ మీద ఈథర్‌నెట్‌కు (కేబుళ్లతో నడిచే నెట్‌వర్క్ పద్ధతికి) ప్రమాణాలు అనుమతించే దూరం 100 మీటర్లే. అందులో గోడల్లో శాశ్వతంగా వేసే కేబుల్‌కు 90 మీటర్లు పోగా, మిగిలిన 10 మీటర్లు రెండు చివర్లా పరికరాలను కలిపేందుకు వాడే ప్యాచ్ కార్డులనే చిన్న తీగలకు సరిపోతాయి. ఈ దూరాన్ని ప్లాను మీద స్కేలు పెట్టి సూటిగా కొలవకండి. కేబుల్ స్విచ్‌లు బిగించే ర్యాక్ నుంచి పైకెక్కి, కారిడార్ సీలింగ్ వెంట మలుపులు తిరిగి, తరగతి గోడలోంచి సాకెట్ దాకా దిగుతుంది కనుక, ప్లానులో 70 మీటర్లుగా కనిపించేది సులువుగా 90 దాటవచ్చు. అందుకే గది అంతస్తు నడిమధ్యన ఉండడం మేలు.

మీరు చెప్పిన జాగా మాత్రం వద్దే వద్దు. పైపు కారినా, గోడ చెమ్మగిల్లినా ముందు దెబ్బతినేది స్విచ్‌లే.

నాలుగు గదులూ ఒకదానిపై ఒకటి వచ్చేలా చూసి, స్లాబు వేసేటప్పుడే స్లీవ్‌లు (కేబుళ్లు దూర్చే గొట్టపు రంధ్రాలు) వదిలితే, అంతస్తుల మధ్య కాంతితో డేటా పంపే ఫైబర్ కేబుల్ తేలిగ్గా లాగవచ్చు. ఆ తరువాత ఆ రంధ్రాలను మంటను అడ్డుకునే పదార్థంతో మూయించండి. విడిగా విద్యుత్ లైను, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. కెమెరాలకు, వైఫై పరికరాలకు కేబుల్‌లోనే కరెంటు పంపే స్విచ్‌లు బాగా వేడెక్కుతాయి. మన వేసవిలో గాలి ఆడని గదిలో అవి ఎక్కువకాలం మన్నవు కనుక, ఏసీకి ఇప్పుడే ఏర్పాటు చేయించండి.