సలీం ఆ మాట అనడు

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లి పోయిన ఇంట్లో పిల్లవాడు టీ గ్లాసులు లెక్కపెట్టే చోటు బాగుంది. ఇక నాకు ఒళ్లు మండిన సంగతి.

నీ పాతబస్తీ ఆటో సలీం "మా లిసాన్ మీకేం తెలుసు సార్" అంటాడు. పేజీ అడుగున గీత గీసి, లిసాన్ అంటే నాలుక అని అర్థం కూడా రాశావు. సలీం ఆ మాట అనడు నాయనా! జబాన్ అంటాడు. అది ఫార్సీ మాట. నాలుకా అదే, భాషా అదే. లిసాన్ అరబ్బీది. ఉర్దూలో అది మౌల్వీల నోటా, పుస్తకాల్లోనూ ఉంటుంది. భాషాశాస్త్రాన్ని లిసానియాత్ అంటారు. సలీం గుండెదడకి యునానీ దుకాణంలో ఖమీరా గావ్‌జబాన్ అనే లేహ్యం అడుగుతాడు. అందులోని గావ్‌జబాన్ మూలిక అరబ్బీ పేరు లిసానుస్సౌర్, ఎద్దు నాలుక. ఆ పేరుతో అడిగితే దుకాణదారు వాణ్ణి ఎగాదిగా చూస్తాడు.

ఎరువు తెచ్చుకున్న మాట మూటాముల్లెతో సహా రాదు. ఖురాన్‌లో భాషకు వాడిన మాట లిసానే. ఇబ్న్ మన్జూర్ 1290లో ముగించిన అరబ్బీ మహానిఘంటువు పేరు లిసాన్ అల్ అరబ్. అదే మాట ఇండోనేషియా చేరి, నోటితో చెప్పేది అన్నంత వరకే మిగిలింది. అక్కడ ఉజియన్ లిసాన్ అంటే మౌఖిక పరీక్ష. నాలుకకు వాళ్లకు లిదా ఉంది, భాషకు సంస్కృతం నుంచి వెళ్లిన బహాస ఉంది. ఇక ఆ అర్థాలతో పనేముంది? మన జిల్లా మాత్రం? అరబ్బీలో పక్కటెముక. ఏ కలెక్టరుకు గుర్తుంటుంది ఆ ఎముక! మామూలు అంటే అక్కడ చేసేది, ఆచరణలో ఉన్నది. మన చెక్‌పోస్టుల దగ్గర అది చెయ్యి చాపింది.

నా తొలి కథలో పోస్ట్‌మ్యాన్ "జవాబు రాలేదమ్మా" అంటే, ఒక సంపాదకుడు దాన్ని "ప్రత్యుత్తరం" అని దిద్ది అచ్చేశాడు. ఆర్నెల్లు మా ఊళ్లో నా పేరే ప్రత్యుత్తరం. ఇప్పుడు గాలి అటు తిరిగింది. ఉర్దూ మాట ఎంత అరుదైతే అంత మట్టివాసన అట! ఆయన సంస్కృతం అద్దాడు, నువ్వు అరబ్బీ అద్దావు. పాపం పోస్ట్‌మ్యాన్, సలీం ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి.

అఫ్జల్‌గంజ్ నుంచి చార్మినార్ దాకా నాలుగుసార్లు ఆటో ఎక్కు. ఫోన్ చూసుకోకుండా. తర్వాత కథ మళ్లీ పంపు. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి, నా కళ్లద్దాలు పాతవి.