కాకినాడ రేవులో బియ్యం తడిస్తే నష్టం ఎవరిది?

ప్రశ్న: "ఎఫ్‌ఓబీ కాకినాడ" అని రాసుకుని బియ్యం అమ్మాం. రేవు గోదాములో దించి కాటా చీటీ తీసుకుంటే మా బాధ్యత తీరినట్టేనా? (రైస్‌మిల్లు గుమస్తా, మిర్యాలగూడ)

జవాబు: తీరదు. ఎఫ్‌ఓబీ అంటే ఫ్రీ ఆన్ బోర్డ్. సరుకు ఓడ మీదికి చేరేదాకా ఖర్చూ నష్టమూ అమ్మినవారివే. కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా లంగరు వేసుకుని ఉంటుంది. బస్తాలు బార్జిల్లో ఓడ దాకా వెళ్లాక క్రేనుతో పైకి లేపుతారు. బార్జి ఎక్కినంత మాత్రాన ఓడ ఎక్కినట్టు కాదు. అందులో ఉండగా వాన పడి తడిస్తే ఆ బస్తాలు మీ ఖాతాలోనే. మిల్లు నుంచి ఓడ దాకా బీమా తీసుకోండి, పాలసీలో బార్జి ప్రయాణం అన్న మాట ఉందో లేదో చదివి చూసుకోండి.

అసలు చిక్కు మేట్స్ రిసీట్ దగ్గర వస్తుంది. సరుకు ఎక్కాక ఓడ చీఫ్ ఆఫీసర్ ఇచ్చే రసీదు ఇది. అందులో "40 బస్తాలు తడిసినవి" అని రాస్తే అదే మాట బిల్ ఆఫ్ లేడింగ్‌లోకి (సరుకు ఓడకెక్కిందని ఓడవాళ్లు ఇచ్చే పత్రం) ఎక్కుతుంది. అప్పుడది క్లీన్ బిల్లు (సరుకు మీద ఏ రిమార్కూ లేనిది) కాదు, ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కాగితాలు సరిగా ఉంటే డబ్బు ఇస్తామన్న బ్యాంకు హామీ) మీద బ్యాంకు డబ్బు ఆపేస్తుంది. అందుకే తడిసినవీ చిరిగినవీ పైకి లేపకముందే కళాసీల చేత పక్కకు తీయించి మార్పించాలి. నూటికి రెండు ఖాళీ సంచులు అదనంగా పంపేది ఇందుకే. నష్టం వస్తే మేమే భరిస్తామని హామీపత్రం రాసిస్తే రిమార్కు తీసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. తడిసిందని తెలిసీ క్లీన్ అని రాయించడం కొన్నవాళ్లను మోసం చేయడమే, ఆ హామీపత్రం కోర్టులో నిలవదు.

ప్రశ్న: డెమరేజీ, డిటెన్షన్ ఒకటేనా? (నల్లగొండ)

జవాబు: కాదు. మీ వైపు గూడ్సుషెడ్డులో వ్యాగను టైముకు ఖాళీ కాకుంటే డెమరేజీ, దించిన బస్తాలు అక్కడే ఉండిపోతే వార్ఫేజీ పడుతుంది కదా. వార్ఫ్ అంటే ఓడలు ఆనే గట్టు. సముద్రం నుంచి వచ్చిన మాటే రైలు పట్టాల దాకా నడిచింది.

కంటైనరు గడువు దాటి రేవు లోపలే ఉంటే పడేది డెమరేజీ, బయటికి తెచ్చుకుని తిప్పి ఇవ్వకపోతే డిటెన్షన్. ఫ్రీ డేస్ (ఛార్జీ పడని రోజులు) ఎన్నో బుకింగ్ రోజే కాగితం మీద రాయించుకోండి.

ఓడనే అద్దెకు తీసుకుంటే లెక్క వేరు. 10,000 టన్నుల సరుకు, రోజుకు 2,000 టన్నుల చొప్పున ఎక్కించాలంటే లేటైమ్ (సరుకు ఎక్కించడానికి ఒప్పుకున్న గడువు) 5 రోజులు. 'వెదర్ వర్కింగ్ డే' అని ఉంటే వాన గంటలు తీసేస్తారు. గడువు దాటి డెమరేజీ మొదలయ్యాక మాత్రం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, వాన గంటలూ లెక్కలోకే వస్తాయి. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నది స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో (రేవులో ఓడ పని ఎప్పుడేం జరిగిందో రాసే పత్రం) సరిగా ఉందో లేదో చూసుకున్నాకే మీ మనిషి సంతకం పెట్టాలి.

ప్రశ్న: పల్లీలు పంపితే కంటైనరు పైకప్పు నుంచి నీళ్లు కారాయట. చిల్లు పడిందా? (మహబూబ్‌నగర్)

జవాబు: చిల్లే కానక్కర్లేదు. పల్లీల్లో, కింద వేసిన చెక్కల్లో ఉన్న తేమ పగటి వేడికి ఆవిరవుతుంది. రాత్రి చల్లబడిన ఇనుప కప్పుకు తగిలి బొట్లు బొట్లుగా బస్తాల మీద పడుతుంది. దీన్నే కంటైనరు చెమట అంటారు. పైవరసకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్షలో మొత్తం సరుకే తిరస్కరిస్తారు. గింజలో తేమ 7 శాతం దాటనివ్వకండి, పచ్చి చెక్క వాడకండి, గోడలకు క్రాఫ్ట్ పేపరు అంటించి తేమ పీల్చే సంచులు వేలాడదీయండి. చిల్లు అనుమానం తీరాలంటే నింపే ముందు ఒక మనిషి లోపల నిలబడి తలుపులు వేయించుకోవాలి. చీకట్లో ఎక్కడ వెలుతురు చుక్క కనబడితే అక్కడే చిల్లు.

ప్రశ్న: ఓడ వేగాన్ని నాట్లలో ఎందుకు చెబుతారు? (విద్యార్థి, నాగర్‌కర్నూల్)

జవాబు: నాట్ అంటే ముడి. పూర్వం ఒక చెక్కకు ముడులు వేసిన తాడు కట్టి నీళ్లలో వదిలేవారు. ఇసుక గడియారం నిండేలోగా చేతిలోంచి ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు. 'గంటకు' అన్నది అందులోనే ఉంది కాబట్టి, '12 నాట్లు' అంటే చాలు. అది గంటకు దాదాపు 22 కిలోమీటర్లు.