తొక్కితే ఈల వేస్తోందా? టర్బో మార్చే ముందు పైపు చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా డీజిల్ కారు లక్ష కిలోమీటర్లు దాటింది. ఈమధ్య యాక్సిలరేటర్ తొక్కగానే ముందు నుంచి సన్నగా ఈల వినిపిస్తోంది, కాలు తీస్తే ఆగిపోతోంది. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంకా ఎక్కువ, పికప్ కూడా పడిపోయింది. వెనకాల బైకు మీద వచ్చిన మా తమ్ముడు నల్ల పొగ కొడుతోందన్నాడు. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఎంత రైజ్ చేసినా శబ్దం రాలేదు. మెకానిక్ మాత్రం టర్బో పోయింది, మార్చాల్సిందే అంటున్నాడు. ఖర్చు తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చెప్పిన మూడు లక్షణాలు, అంటే తొక్కితేనే ఈల, పికప్ తగ్గడం, నల్ల పొగ, కలిపి చూస్తే నాకు ముందు అనుమానం టర్బో మీద కాదు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఆ గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్లే హోస్ పైపుల మీద. టర్బో గాలిని ఒత్తిడితో ఆ పైపుల్లోకి నెడుతుంది. ఎక్కడైనా చిన్న చీలిక ఉన్నా, పైపుని పట్టి ఉంచే క్లాంపు వదులైనా గాలి అక్కడినుంచి ఈల వేస్తూ బయటికి పోతుంది. ఇంజనుకి గాలి తక్కువై డీజిల్ పూర్తిగా మండదు, అదే ఆ నల్ల పొగ.

షెడ్డులో శబ్దం ఎందుకు రాలేదో కూడా ఇందులోనే ఉంది. న్యూట్రల్‌లో ఎంత రైజ్ చేసినా ఇంజను మీద లోడు ఉండదు, లోడు లేనప్పుడు టర్బో పెద్దగా ఒత్తిడి పుట్టించదు. అందుకే నిలబెట్టిన బండి చూసి తేల్చకూడదు. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే ఘాట్ రోడ్డు మీద మూడో గేరులో తొక్కి వినిపించండి, ఏసీ, పాటలు ఆపేసి, అద్దాలు దించి.

తర్వాత ఇంజను పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తి టార్చిలైటుతో ఆ పైపుల వెంట చూడండి. పైపు లోపల కొద్దిపాటి ఆయిల్ తడి ఉండటం మామూలే, దానికి కంగారు పడొద్దు. కానీ లీకున్న చోట ఆ ఆయిల్ గాలితో పాటు బయటికి వచ్చి నల్లగా జిడ్డుపట్టి, దానిమీద దుమ్ము అంటుకుని కనిపిస్తుంది. ముఖ్యంగా పైపు అడుగువైపు, వంపు తిరిగే చోట, పక్కనున్న లోహానికి రాసుకునే చోట చేత్తో నొక్కి చూడండి, చీలిక మామూలుగా మూసుకునే ఉంటుంది, నొక్కితేనే నోరు తెరుస్తుంది. మీరు సముద్రానికి దగ్గర కాబట్టి ఉప్పుగాలికి క్లాంపులు తుప్పు పట్టి ఉండొచ్చు, అవి కూడా చూడండి. కంటికి ఏమీ దొరక్కపోతే స్మోక్ టెస్ట్ చేసే షెడ్డు చూసుకోండి, పైపుల్లోకి పొగ ఎక్కిస్తే లీకున్న చోట అదే బయటికొచ్చి చూపిస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో అడిగి చూడండి.

క్లాంపు వదులైతే బిగిస్తే సరిపోతుంది, తుప్పు పడితే కొత్తది వేయించండి. పైపు చిరిగితే మాత్రం పైపే మార్చాలి. టేపు చుట్టి నడిపేద్దామంటారు కొందరు, ఆ వేడికి, ఆ ఒత్తిడికి టేపు నిలవదు, నేనైతే ఒప్పుకోను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పులు కూడా ఓసారి చూడండి, సర్వీసు చేసినవాళ్లు సరిగ్గా పెట్టకపోతే అక్కడా ఈల వస్తుంది.

ఇక టర్బో నిజంగా పోతే ఎలా తెలుస్తుందంటారా? శబ్దం ఈలలా కాకుండా సైరన్‌లా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పొగ నీలంగా వస్తుంది, ఇంజను ఆయిల్ తగ్గిపోతుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ పైపు ఊడదీసి టర్బో లోపలి ఇరుసుని వేళ్లతో కదిపి చూస్తారు, పక్కకి కొంచెం ఆడటం మామూలే, ముందుకీ వెనక్కీ ఆడుతున్నా, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులున్నా అప్పుడు మార్చాల్సిందే, ఆ స్థితిలో బండి నడపొద్దు. మీ మెకానిక్ ఆ పైపు విప్పి చూసి చెప్పాడా, విప్పకుండానే చెప్పాడా అన్నది ముందు అడగండి.

ప్రశ్న: అక్కయ్యపాలెం నుంచి రాస్తున్నాను. టర్బో లేని పెట్రోల్ కారు. ఆనందపురం వైపు హైవే ఎక్కి వేగం 70 దాటితే ఈల. ఇంజనులో లోపమా?

జవాబు: 80లో వెళ్తూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. ఈల అలాగే ఉంటే ఇంజను కాదు, గాలి. అద్దాల అంచులు, తలుపు రబ్బరు బీడింగు, పైన క్యారియర్ ఉంటే అదీ అనుమానించండి. ఒక్కొక్క సందు మీద పేపర్ టేపు అంటించి మళ్లీ హైవే ఎక్కండి, ఏ టేపుతో శబ్దం ఆగితే అక్కడే దారి ఉంది. ముందు అద్దం ఈమధ్యే మార్పించి ఉంటే మొదట దాని అంచుకే అంటించండి. అక్కడే ఆగితే అద్దం వేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి సీలెంట్ మళ్లీ వేయమనండి, ఆలస్యం చేస్తే వానాకాలంలో అదే సందులోంచి నీళ్లు కారి డ్యాష్‌బోర్డు కింది వైరింగు తడుస్తుంది.