మీ ప్రశ్న – మా జవాబు: పోయినవారి గురించి ఒక పేజీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే విషయం. ఊళ్ళోనో, సంఘంలోనో, ఇంట్లోనో ఈమధ్య పోయినవాళ్ళ గురించి రాసిపెట్టాలి, ఎలా అని. ఏరిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

మాది విశ్రాంత ఉద్యోగుల సంఘం. పోయిన ఏడాది 14 మంది సభ్యులు కాలం చేశారు. వార్షిక సమావేశంలో పేర్లు చదివి రెండు నిమిషాలు మౌనం పాటించడం మా ఆనవాయితీ. ఈసారి ఒక్కొక్కరికీ ఒక పేజీ చొప్పున చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కార్యదర్శి, తణుకు

ముందు, ఇంటికి ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోండి. పెద్దకర్మ లోపు వెళ్తే ఇంటివాళ్ళు మాట్లాడే స్థితిలో ఉండరు. సంవత్సరీకం దాకా ఆగితే బట్టలు పంచేసి ఉంటారు, డైరీలు పాతకాగితాలవాళ్ళకు వెళ్ళిపోయి ఉంటాయి, ఆఫీసు గ్రూపు ఫోటోలో ఎవరెవరో చెప్పగలిగిన స్నేహితుడు కూడా మంచం పట్టి ఉండవచ్చు. రెండో నెలకూ ఆరో నెలకూ మధ్య వెళ్ళడం మేలు. ఒక్క పని మాత్రం కర్మ రోజునే జరగాలి. దూరపు చుట్టాలు, చిన్ననాటి స్నేహితులు అందరూ వచ్చేది ఆ ఒక్కరోజే. గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి పేరు, ఫోన్ నంబరు, పోయినవారు తమకేమవుతారో రాయమనండి. జ్ఞాపకార్థ కూడికలోనైనా, నలభయ్యో రోజు ఫాతెహాలోనైనా ఇదే పద్ధతి. తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.

14 పేజీలూ ఒక్కరి మీద వేయకండి. రాయగలిగినవాళ్ళు నలుగురుంటే మనిషికి మూడో నాలుగో పంచండి. ప్రతి పేజీకీ కనీసం ఇద్దరితో మాట్లాడాలి, ఒకరు ఇంటివారు, ఒకరు పనిలో తోడున్నవారు. భార్యాపిల్లలకు తెలిసింది సాయంత్రం ఆరు తర్వాతి మనిషి. పగటి మనిషి సంగతి తోటి ఉద్యోగుల దగ్గరే ఉంటుంది.

డెమ్మీ సైజు పేజీలో, 12 పాయింట్ల అక్షరంతో, పైన చిన్న ఫోటో పెడితే ఇంచుమించు 180 నుంచి 200 మాటలు పడతాయి. పూర్తి పేరు, పిలుపు పేరు, తల్లిదండ్రులు, సొంతూరు, పుట్టిన పోయిన తేదీలు, చదువు, ఏ ఊళ్ళో ఏ ఏళ్ళలో ఏ పని చేశారు, వీటికే 60 మాటలు పోతాయి. మిగిలిన 130 మాటలు చాలా విలువైనవి. వాటిని ‘మృదుస్వభావి, స్నేహశీలి, అజాతశత్రువు, క్రమశిక్షణకు మారుపేరు’ అని నింపకండి. పేరు మార్చి పక్క పేజీలో పెట్టినా అవి సరిపోతాయి. పోయినవారు ఒక లైన్‌మన్ అనుకోండి. ‘విధి నిర్వహణలో అంకితభావం’ అని రాసే బదులు ‘గాలివాన వెలిశాక, లైనుకు కరెంటు ఆపే ఏ.బి. స్విచ్ తీసి, దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాకే స్తంభం ఎక్కేవారు. కింద నిలబడ్డ కుర్ర హెల్పరు చేత కూడా తాళం లాగించి చూపించేవారు’ అని రాయండి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు చదవగానే గుర్తుపడతారు. ఇలాంటివి రావాలంటే ‘ఆయన ఎలాంటివారు?’ అని అడగకూడదు. అలా అడిగితే ‘దేవుడులాంటి మనిషి’ అనే జవాబే వస్తుంది. ‘పొద్దున ఆఫీసుకు రాగానే మొదట ఏం చేసేవారు? దేనికి కోపం వచ్చేది? కొత్తవాళ్ళకు ఏం నేర్పేవారు? జేబులో ఎప్పుడూ ఏముండేది?’ అని అడగండి.

పేజీల వరస హోదాని బట్టి కాక, పోయిన తేదీని బట్టి పెట్టండి. గెజిటెడ్ అధికారికీ అటెండరుకీ ఒకే పేజీ, ఒకే సైజు ఫోటో. ఈ రెండు నియమాలూ ముందే కమిటీలో తీర్మానం చేసుకోకపోతే, అచ్చు దగ్గర ఒకరి పేజీ మూడవుతుంది, ఇంకొకరిది రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. అచ్చుకు ముందు ప్రూఫు ఇంటివాళ్ళకు చూపించి, ఆ కాగితం మీదే సంతకం తీసుకోండి. ఇద్దరు చదవాలి. ఒకరు చూస్తే ఊరి పేర్లలో, ఇంటిపేర్లలో తప్పులు దాటిపోతాయి.

మా నాన్నగారి ఎస్సెల్సీ పుస్తకంలో పుట్టినతేదీ 1-7-1944. మా మేనత్త మాత్రం పార్థివ సంవత్సరం కార్తీకంలో పుట్టాడంటుంది. ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

మేనత్తగారి మాటే నిజానికి దగ్గరగా ఉండి ఉంటుంది. ఆ రోజుల్లో బడిలో చేర్చుకోవడానికి వయసు చాలకపోతే అయ్యవారు వయసు ఏడాది పెంచి, బడి తెరిచే రోజులకు దగ్గరలో ఒక తేదీ వేసేసేవారు. జూన్ 1, జూలై 1 తేదీలు పాత రికార్డుల్లో అన్ని కనిపించడానికి కారణం ఇదే. పార్థివ అంటే 1945 ఉగాది నుంచి 1946 ఉగాది వరకు. ఆ ఏడు కార్తీకం నవంబరు మొదటివారంలో మొదలై డిసెంబరు మొదటివారంలో ముగిసింది. తిథి కూడా తెలిస్తే పాత పంచాంగంలో తేదీ దొరుకుతుంది.

ఇక్కడ తరచు రెండు పొరపాట్లు జరుగుతాయి. సంవత్సరం పేరు చూసి ఇంగ్లీషు సంవత్సరం వేసేస్తారు. కానీ పార్థివ మాఘమంటే 1946 ఫిబ్రవరి, 1945 కాదు. రెండోది వారం. మనవాళ్ళకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి ‘శుక్రవారం తెల్లవారుజామున’ అంటే శుక్రవారం ముగిసే వేళని కొందరి భావం. ఇంగ్లీషు లెక్కలో అప్పటికే శనివారం. ఇస్లామీ తేదీల్లో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అక్కడా ఒక రోజు తేడా వస్తుంది. క్రైస్తవులకైతే చర్చి బాప్తిస్మపు రిజిస్టరు చూడండి.

పుస్తకంలో ‘1945 నవంబరు ప్రాంతం (రికార్డులో 1-7-1944)’ అని రెండూ వేయండి. రికార్డు తేదీని చెరిపేస్తే రేపు సర్వీసు రిజిస్టరుతో పోల్చి చూసేవాళ్ళు తికమకపడతారు. ఏ సంవత్సరమూ చెప్పలేని పెద్దవాళ్ళను సంఘటనలతో అడగండి. దివిసీమ ఉప్పెన (1977 నవంబరు 19) నాటికి చంకలో ఎవరున్నారు? గోదావరి వరద (1986 ఆగస్టు) నాటికి ఏ ఇంట్లో ఉన్నారు? 1979, 1991, 2003 గోదావరి పుష్కరాల్లో ఎవరెవరు కలిసి స్నానానికి వెళ్ళారు? తెలంగాణ పల్లెల్లో 1948 సెప్టెంబరు పోలీసు చర్య అలాంటి గట్టి గుర్తు.

మా అమ్మమ్మ పోయి రెండు నెలలైంది. బడికి పోలేదు, బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని సాకింది. మా మామయ్యలు ‘ఆమె గురించి రాయడానికి ఏముంది, ఇంటిపట్టునే ఉండె’ అంటున్నారు. నేనేం రాయాలి?
– ఒక పాఠకురాలు, కామారెడ్డి

రాయడానికి ఏమీ లేని బతుకు కాదు అది. ఎవరూ అడగకపోవడం వల్ల లోకువైన బతుకు. ఊరి సంచికల్లో ఆడవాళ్ళ పేజీ ‘ఫలానావారి సతీమణి, పుణ్యస్త్రీ’ దగ్గరే ఆగిపోవడం మాకు చాలా బాధ కలిగిస్తుంది. మీరు దాన్ని ఆపగలరు.

కాగితాలతో మొదలుపెట్టండి. ఆమె పేరు కార్ఖానాలో నమోదై ఉంటే పి.ఎఫ్. కాగితాలు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు, పింఛను పాస్‌బుక్కు ఇంట్లో ఎక్కడో ఉంటాయి. చేరిన ఏడు, కార్ఖానా పేరు వాటిలో దొరుకుతాయి. రికార్డులో పడిన పేరు, ఇంట్లో పిలిచిన పేరు వేరువేరుగా ఉంటాయి కాబట్టి రెండూ రాసుకోండి. పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు తప్పక ఉండాలి. ఆ రెండూ లేకపోతే రెండు తరాల తర్వాత ఆమె ఎవరి బిడ్డో చెప్పేవాళ్ళుండరు.

తర్వాత ఆమెతోపాటు వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టిన వాళ్ళను కలవండి. ఈ పని కొడుకుల కన్నా వాళ్ళకు బాగా తెలుసు. తునికాకు ఎప్పుడు నానబెట్టేది, కత్తెర ఏ సైజుది, రోజుకు ఎన్ని చుట్టేది, పండుగ ముందు ఎన్ని? 25 బీడీల కట్టలు కట్టి టేకేదారు (గుత్తేదారు) దగ్గరికి తీసుకెళ్తే ఎన్ని ‘ఛాట్’ (పనికిరానివి) అని తీసేసేవాడు, వాటి కూలి పోయేదా? వెయ్యి బీడీలకు ఏ ఏడు ఎంత కూలి గుర్తుంది? ఆ డబ్బుతో ఎవరి ఫీజు కట్టింది, ఏ సామాను కొన్నది? కూలి రేటు ఒక్కటి దొరికినా, దాని పక్కన ఆ ఏటి ఫీజు రాస్తే ఆమె ఏం మోసిందో చదివేవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు.

పనితోనే ఆపకండి. ఎన్ని కాన్పులు, ఎందరు దక్కారు అనేది మెల్లగా, ఆడవాళ్ళు మాత్రమే ఉన్నప్పుడు అడగండి. పోయిన పసివాళ్ళకు పేర్లు పెట్టి ఉంటే అవి కూడా రాయండి. బీర, సొర విత్తనాలు బూడిదలో కలిపి దాచేదా, పేడముద్దలో అద్ది గోడకు కొట్టేదా? మానికతో కొలిచేదా, గిద్దెతోనా? బతుకమ్మ దగ్గర ఆమె ఎత్తుకునే పాట ఏది? మొదటి రెండు పంక్తులు ఎవరైనా చెబితే, తతిమ్మా పాట వచ్చినవాళ్ళ చేత పాడించి ఫోన్‌లో పట్టండి. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, నోటికి అడుగు దూరంలో గుడ్డ మీద ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే ప్రతి చప్పుడూ దడదడమని వినిపిస్తుంది. మొదట మీరే తేదీ, ఊరు, పాడేవాళ్ళ పేరు చెప్పి, తర్వాత పాడించండి. విడిగా ఒక కాగితం మీద రాస్తే అది ఆ రికార్డింగు వెంట ఉండదు.

మామయ్యలకు రాసిన పేజీ చదివి వినిపించండి. ‘ఇది కాదు, ఇంకోటి’ అని దిద్దడం మొదలుపెడతారు. అదీ రాసుకోండి.

ఉన్నది ఒక్క పాస్‌పోర్టు సైజు ఫోటో. స్టూడియోవాళ్ళు పెద్దది చేస్తే మొహం మసకగా వచ్చింది.
– ఒక పాఠకుడు, అనకాపల్లి

స్కానింగు తక్కువలో చేసి ఉంటారు. పాస్‌పోర్టు ఫోటో మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు. 300 డి.పి.ఐ.లో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే అడ్డంగా 410 చుక్కలే వస్తాయి, అవి మళ్ళీ అదే సైజుకు సరిపోతాయి. 1200లో చేయించండి, నాలుగు రెట్లు పెంచుకోవచ్చు. పోస్టుకార్డు సైజువాటికి 600 చాలు. అద్దానికి అతుక్కున్న పాత ఫోటోను లాగకండి, పైపొర ఊడి వస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. వెనక పేర్లు మెత్తని పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ను గాడి ముందువైపు తేలుతుంది. లామినేషన్ వద్దు.

ఫోటోను ‘మెరుగుపరిచే’ ఆప్‌ల విషయంలో జాగ్రత్త. అవి లేని కనురెప్పలు, లేని పలువరస గీసి వేరే మనిషిని చేస్తాయి. అసలు స్కాన్‌ను వేరే పేరుతో దాచాకే ఏదైనా చేయించండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి, ఫోటోగా పంపితే చుక్కలు తగ్గిపోతాయి.

మా బాబాయి తాగుడుతో అప్పులపాలై ఆత్మహత్య చేసుకున్నాడు. ఊరి సంచికకు ఆయన పేజీ నన్ను రాయమన్నారు.
– పేరు వద్దన్నారు

‘ఫలానా తేదీన మరణించారు’ అని రాస్తే చాలు. ఎలా పోయారో, ఎందుకు పోయారో మీ పిన్ని రాయమంటే తప్ప రాయనక్కర్లేదు. ఆమె రాయమన్నా ఏ పద్ధతిలో అన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అలాగని అబద్ధమూ రాయకండి. ‘గుండెపోటుతో’ అని వేస్తే తెలిసినవాళ్ళు మిగతా పేజీని కూడా నమ్మరు. ఆయన చేతిపని, నేర్పిన విద్య, పెంచిన పశువులు, స్నేహాలు, వీటికి పేజీ సరిపోతుంది. తాగుడు ఊరంతటికీ తెలిసిందే అయితే ‘చివరి ఏళ్ళు ఆయనకూ ఇంటికీ కష్టంగా గడిచాయి’ అన్న ఒక్క వాక్యం నిజాయితీగా ఉంటుంది. అప్పుల లెక్క, ఇచ్చినవాళ్ళ పేర్లు మాత్రం అచ్చులోకి రానీయకండి.

నేను డల్లాస్‌లో ఉంటాను. నాన్న పోయారు. ఆయన ఫోన్ తమ్ముడి దగ్గర ఉంది. వాడు అందులోవన్నీ చెరిపేసి పిల్లలకు ఇస్తానంటున్నాడు.

ఆపండి, ఈరోజే. నాన్నగారి గొంతు అందులో ఉంది. వాట్సాప్‌లో ఒక్కొక్క సంభాషణ తెరిచి ‘ఎక్స్‌పోర్ట్ చాట్’లో మీడియాతో సహా తీయమనండి. 120 రోజులు వాడని ఖాతాను వాట్సాప్ సాధారణంగా తొలగిస్తుంది. రీఛార్జి లేని నంబరు కూడా కొన్ని నెలల్లో రద్దయి మరొకరికి వెళ్తుంది. ఆ నంబరుకే బ్యాంకు ఓటీపీలు వస్తాయి కాబట్టి ఖాతాల పని తేలేదాకా సిమ్ వదలకండి. మీ ఫోన్‌లోకి ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లనూ వేరే చోట దాచుకోండి. మరణ ధ్రువపత్రం ఫోటో చుట్టాల గ్రూపుల్లో పెట్టొద్దని తమ్ముడికి చెప్పండి. పుట్టినతేదీ, ఆధార్ నంబరు, చిరునామా ఏ సంస్మరణ పేజీలోనూ ఒకచోట కలిసి ఉండకూడదు, మోసగాళ్ళకు అవే చాలు.

పుస్తకం డి.టి.పి. చేయించాం. ఇంట్లో కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే.
– ఒక గ్రంథాలయ కమిటీ, సూర్యాపేట

అను ఫాంట్లలో కట్టి ఉంటారు. ఆ ఫాంటు లేని యంత్రంలో అది తెలుగు కాదు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో, ఏ యంత్రంలోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే టైపు చేసి, ఆ ఫైలును మీ దగ్గర ఉంచుకోండి. అచ్చు కోసం డి.టి.పి.వాళ్ళు దాన్ని అనులోకి మార్చుకుంటే, మార్చాక మళ్ళీ ప్రూఫు చూడాలి. వత్తులు, అంకెలు ఎక్కువగా చెడేది ఆ మార్పిడిలోనే. ఇప్పటికే ఉన్నదానికి ఫాంటు ఇమిడిన పీడీఎఫ్ అడగండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగింపబడాలి. మీ లెక్క 30 వస్తే, రెండు ఖాళీ పేజీలు చేర్చి 32 చేసి, వాటి మీద ‘చేర్పులు, దిద్దుబాట్లు’ అని వేయండి. ఇంటింటికీ ఒకటి ఇచ్చాక, నాలుగు కాపీలు శాఖా గ్రంథాలయానికీ, బడికీ, జిల్లా గ్రంథాలయానికీ, పాత పత్రికలు దాచే పెద్ద గ్రంథాలయానికీ పంపండి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి అలా దాచబట్టే ఆనాటి పత్రికలు ఇవాళ చూడగలుగుతున్నాం. పంపే కాపీ లోపలి అట్ట మీద ఊరు, మండలం, జిల్లా, అచ్చువేసిన నెల, ఏడు పెన్సిల్‌తో రాయండి. జిల్లాల పేర్లు మారుతుంటాయి కనుక పాత జిల్లా పేరు కూడా పక్కన ఉండాలి.